ఒక్క కొమ్మలో వనం

వృక్షం పుట్టినచోటు విడిచి కదలదు. తన సంతానాన్ని మాత్రం గాలికీ, నీటికీ, పక్షులకూ అప్పగించి దూరతీరాలకు పంపుతుంది. విత్తనం వృక్షజాతికి వీలునామా వంటిది. తల్లిదండ్రుల లక్షణాలన్నీ అందులో నిక్షిప్తమై ఉంటాయి. నేల దొరికి, నీరు అంది, ఎండ తగిలితే అది మొలకెత్తుతుంది. తరం వెంట తరం సాగిపోతుంది. అయితే ఈ క్రమం ఎల్లవేళలా నిరాటంకంగా సాగుతుందని చెప్పలేము. కొన్ని జాతులకు గట్టి విత్తనమే కరవవుతుంది. కొన్నింటికి విత్తనం ఉన్నా తడినేల కరవవుతుంది. మరికొన్నింటి విషయంలో, మొలక చెట్టయ్యేలోగానే తెగులు తోటనంతా తుడిచిపెడుతుంది.

అటువంటి విపత్సమయంలో ఒక చిన్న రెమ్మ చివరినుంచి వేలాది మొక్కలను ప్రయోగశాలలో పెంచే విద్య మానవునికి చేతికందింది. దానినే కణజాల వర్ధనం అంటారు. వ్యవహారంలో ‘టిష్యూకల్చర్’ అన్న పేరుతో అది మనకు పరిచితమే. అనంతపురం, కడప ప్రాంతాల అరటితోటలలో నాటుతున్న పిలకలలో అనేకం ఈ పద్ధతిలో పుట్టినవే. అరటికి సులువుగా పట్టుబడిన ఈ విద్య అన్ని వృక్షాలకూ అంత సులువుగా లొంగదు. అది ఏమి చేయగలదో, ఏమి చేయలేదో తెలుసుకోవడానికి సైప్రస్ వృక్షాల వృత్తాంతం చక్కని ఉదాహరణ.

సైప్రస్ వృక్షం

సైప్రస్ వివృతబీజ వృక్షం. అనగా దీని విత్తనాలు పండులో దాగి ఉండవు. చెక్కవంటి పొలుసులు గల శంకువులలో ఏర్పడతాయి. దేవదారు, పైన్ వృక్షాలు కూడా ఈ వర్గానికి చెందినవే. అయితే పైన్ ఆకులు సూదులవలె పొడవుగా ఉండగా, సైప్రస్ ఆకులు చిన్న పొలుసులవలె రెమ్మను అంటిపెట్టుకొని ఉంటాయి. ఏడాది పొడుగునా ఈ చెట్టు పచ్చగానే కనిపిస్తుంది. మధ్యధరా సముద్ర ప్రాంతపు సైప్రస్‌లో ఒక రకం, గాలి కదలని చోట వెలిగే దీపశిఖలాగా, సన్నగా నిటారుగా పైకి సాగుతుంది. ఆ సముద్రంలోనే ఉన్న సైప్రస్ అనే ద్వీపదేశం పేరును కూడా తెలుగులో ఇదేవిధంగా రాస్తాము కాని, ఇక్కడ చెప్పుకొనేది వృక్షాన్ని గురించి మాత్రమే.

పారశీక భాషలో ఈ వృక్షానికి ‘సర్వ్’ అని పేరు. మన ప్రాచీన కవులకు నాయిక తనువును వర్ణించడానికి లత ఎట్లా ఉపమానమైందో, పారశీక, ఉర్దూ కవులకు నాయిక నిలువెత్తు సొగసును చెప్పడానికి ఈ వృక్షం అట్లా ఉపమానమైంది. మొగలు ఉద్యానాలలో దీనికి ప్రముఖస్థానం లభించింది. ఇరాన్ దేశంలోని అబర్కూహ్ పట్టణంలో ఉన్న ఒక సైప్రస్ వయస్సు 4,000 సంవత్సరాలకు పైబడి ఉంటుందని అంచనా. మన కోస్తాతీరపు ఇసుకనేలల్లో పెరిగే సరుగుడును కొన్నిచోట్ల ‘సర్వి’ అని పిలుస్తారు. చూపులోనూ పేరులోనూ కొంత పోలిక ఉన్నప్పటికీ, సరుగుడు పుష్పించే మొక్కల వర్గానికి చెందినది. సైప్రస్‌కు అది బంధువు కాదు. నిజమైన సైప్రస్‌లు మనదేశంలో పశ్చిమ హిమాలయాల వాలులలో సహజంగా పెరుగుతాయి. పొరుగుననున్న భూటాన్ దేశానికి సైప్రస్ జాతీయవృక్షం.

ఇంతటి దీర్ఘాయువు గల వృక్షానికి కూడా ఆపదలు తప్పలేదు. వాటిలో రెండు ముఖ్యమైనవి. ఒకటి తెగులు తెచ్చిన ఆపద. మరొకటి ఎడారి తెచ్చిన ఆపద.

తెగులు తెచ్చిన ఆపద

ఇటలీ దేశంలోని టస్కనీ ప్రాంతంలో బోల్గెరి అనే పల్లెకు పోయే దారి ఒకటి ఉంది. దాదాపు 5 కిలోమీటర్ల పొడవునా ఆ దారికి ఇరువైపులా సైప్రస్‌లు బారులు తీరి ఉంటాయి. బాల్యంలో ఆ ప్రాంతంలో పెరిగిన జొసూయే కార్దూచ్చి అనే కవి, ఆ చెట్లు తనను గుర్తించి పలకరించినట్లుగా ఒక కవిత రాశాడు. ఆయనకు 1906లో నోబెల్ సాహిత్య పురస్కారం లభించింది. ఆ కవిత వలన ఆ సాలవృక్షాలకు ఇటలీ అంతటా కీర్తి కలిగింది.

కవి కీర్తించిన చెట్టును కూడా తెగులు విడిచిపెట్టదు. 1920ల చివర అమెరికాలోని కాలిఫోర్నియాలో సైప్రస్‌లు ఎండిపోవడం గమనించారు. దీనికి కారణం ‘సెయిరిడియం కార్డినాలే’ అనే శిలీంధ్రం. బెరడు మీద ఉన్న చిన్న గాయంగుండా అది లోపలికి ప్రవేశిస్తుంది. బెరడును చంపుతుంది. ఆ చోట పుండు ఏర్పడి జిగురు కారుతుంది. పుండు కొమ్మ చుట్టూ వ్యాపించినప్పుడు దాని పై భాగమంతా ఎర్రబారి ఎండిపోతుంది. కాండానికే ఆ పుండు చుట్టుకుంటే వృక్షం మరణిస్తుంది. వానచినుకులు, గాలి, కీటకాలు ఈ శిలీంధ్ర బీజాలను ఒక చెట్టు నుంచి మరొక చెట్టుకు చేరవేస్తాయి. తెగులు సోకిన నారుమొక్కల రవాణా దానిని దేశదేశాలకు వ్యాపింపజేసింది. 1951లో ఇటలీలోని ఫ్లోరెన్స్ పరిసరాలలో ఈ తెగులు బయటపడింది. తదాదిగా మధ్యధరా ప్రాంతమంతటా సైప్రస్ తోపులకు అపారమైన నష్టం వాటిల్లింది.

ఇట్టి విపత్తులో కూడా అక్కడక్కడ కొన్ని చెట్లు తెగులును తట్టుకొని నిలబడ్డాయి. ఇటలీ శాస్త్రజ్ఞులు ఓపికతో అటువంటి చెట్లను గుర్తించి, వాటికి కావాలని తెగులు సోకించి పరీక్షించి, గట్టివాటిని ఎన్నిక చేశారు. అట్లా ఎన్నికైన ఒక రకానికి బోల్గెరి అనే పేరు పెట్టారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. తెగులును తట్టుకొనే చెట్టు విత్తనాలు నాటితే పుట్టే మొక్కలన్నీ తెగులును తట్టుకొంటాయన్న నమ్మకం లేదు. తల్లి గట్టిదైనా, గాలి మోసుకొచ్చిన పరాగం బలహీనమైన చెట్టుది కావచ్చును. విత్తనంలో ఇద్దరి వారసత్వమూ కలుస్తుంది. కనుక తల్లి గుణం పొల్లుపోకుండా బిడ్డకు రావాలంటే, విత్తనంతో పనిలేకుండా తల్లి దేహభాగంనుంచే మొక్కను పుట్టించాలి. అంటుకట్టడం ఇందుకు చిరకాలంగా ఉన్న పద్ధతి. సైప్రస్‌లలో కూడా దానినే ప్రధానంగా వాడుతున్నారు. మన మామిడితోటలలో అంటుమొక్క గొప్పతనం అందరికీ తెలిసినదే. అయితే అంటుకు ఒక్కొక్క వేరుమొక్క కావాలి, నిపుణుని చేయి కావాలి. తక్కువ కాలంలో లక్షల మొక్కలు కావలసినప్పుడు మరొక మార్గం వెదకవలసి వచ్చింది.

ఎడారి తెచ్చిన ఆపద

రెండవ వృత్తాంతం ఇంతకంటె దయనీయమైనది. ఆఫ్రికా ఖండంలో సహారా ఎడారి నడుమ, అల్జీరియా దేశపు ఆగ్నేయ భాగంలో, ‘తస్సిలి నజ్జేర్’ అనే రాతిపీఠభూమి ఉంది. అక్కడి కొండగుహలలో ఆదిమానవులు గీసిన, చెక్కిన చిత్రాలు 15,000కు పైగా ఉన్నాయి. పశువుల మందలు, నీటిగుర్రాలు వాటిలో కనిపిస్తాయి. ఒకప్పుడు ఆ ప్రాంతం పచ్చికతో, జలాశయాలతో కళకళలాడిందనడానికి ఆ చిత్రాలే సాక్ష్యం. 1982లో యునెస్కో ఆ ప్రదేశాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఆ పచ్చని కాలానికి మిగిలిన సజీవసాక్షులు తస్సిలి సైప్రస్‌లు. స్థానికులైన తువారెగ్ ప్రజలు వీటిని ‘తారూత్’ అంటారు. 1924లో డుప్రె అనే ఫ్రెంచి సైనికాధికారి వీటి నమూనాలను పంపగా, 1926లో ఎమె కామూ అనే వృక్షశాస్త్రవేత్త్రి దీనిని ప్రత్యేకజాతిగా వర్ణించి, ఆయన పేరిట ‘కుప్రెస్సస్ డుప్రెజియానా’ అని నామకరణం చేసింది. వీటిలో కొన్నింటి వయస్సు 2,000 సంవత్సరాలు దాటి ఉంటుందని అంచనా. ఆ పీఠభూమిలో ఏడాదికి కురిసే వాన సగటున సుమారు 30 మిల్లీమీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో కరవుసీమగా పేరుపడిన అనంతపురంలో సైతం 500 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురుస్తుందని గుర్తుచేసుకొంటే ఆ చెట్ల తపస్సు ఎటువంటిదో బోధపడుతుంది. వాటి వేళ్ళు రాతిపగుళ్ళలో, ఎండిన వాగుల అడుగున దాగిన తడిని వెదుక్కొంటూ లోతుకు దిగుతాయి.

2002లో ప్రచురితమైన గణన ప్రకారం అక్కడ సజీవంగా ఉన్న తస్సిలి సైప్రస్‌లు 233 మాత్రమే. వేళ్ళు లోతుకు పోయిన వృద్ధవృక్షం బతకగలుగుతున్నది. పైపొరలో మొలిచిన లేతమొలక బతకలేకపోతున్నది. మొలిచిన ఒకటీ అరా మొక్కలను మేకలు మేస్తాయి. పైగా ఆ చెట్టు విత్తనాలలో అత్యధిక భాగం తాలువి. వాటిలో పిండమే ఉండదు. తాతముత్తాతలు మాత్రమే మిగిలి, ఉయ్యాలలో శిశువు లేని ఇంటివంటిది ఆ వనం.

కణంలో దాగిన వృక్షం

మర్రివిత్తులో మహావృక్షం ఇమిడి ఉందని పెద్దలు చెబుతారు. ఆధునిక వృక్షశాస్త్రం ఇంకొక అడుగు ముందుకు వేసింది. విత్తనంలోనే కాదు, ఆకులో, వేరులో, కొమ్మలో ఉన్న ప్రతి సజీవకణంలోనూ సమగ్రవృక్షం ఇమిడి ఉందని అది కనుగొన్నది. కణానికి గల ఈ సామర్థ్యాన్ని ‘టోటిపొటెన్సీ’ అంటారు. పూర్ణశక్తి అని దాని భావం. ఆకులోని కణం ఆకుగా పనిచేస్తున్నప్పటికీ, వేరును ఎట్లా చేయాలో, కాండాన్ని ఎట్లా చేయాలో తెలిపే సమాచారం దాని కేంద్రకంలో చెక్కుచెదరకుండా ఉంటుంది. తగిన ప్రేరణ కలిగిస్తే ఆ సమాచారం మళ్ళీ మేల్కొంటుంది.

1902లో ఆస్ట్రియా దేశపు శాస్త్రవేత్త హేబర్‌లాండ్ ఈ భావనను ప్రతిపాదించాడు. ఆకుల నుంచి కణాలను వేరుచేసి పోషకద్రవంలో పెంచటానికి ప్రయత్నించాడు. కణాలు కొంతకాలం బతికాయి కాని విభజన చెందలేదు. ప్రయోగం విఫలమైనా భావన నిలిచింది. 1939లో ఫ్రాన్సులో గాథరే, నోబెకూర్, అమెరికాలో వైట్ వేరువేరుగా కృషిచేసి మొక్కల కణజాలాలను నిరవధికంగా పెంచవచ్చునని నిరూపించారు. 1957లో స్కూగ్, మిల్లర్ అనే శాస్త్రజ్ఞులు ఈ విద్యకు తాళంచెవి వంటి రహస్యాన్ని వెల్లడించారు. మొక్కలలో ఆక్సిన్, సైటోకైనిన్ అనే రెండురకాల హార్మోనులు ఉంటాయి. పోషకమాధ్యమంలో ఆక్సిన్ పాలు ఎక్కువైతే వేళ్ళు పుడతాయి. సైటోకైనిన్ పాలు ఎక్కువైతే చిగుళ్ళు పుడతాయి. రెండూ తగుపాళ్ళలో ఉంటే రూపం లేని కణాల ముద్ద పెరుగుతుంది. ఆ ముద్దనే ‘కాలస్’ అంటారు. 1958లో స్టీవార్డ్ బృందం క్యారెట్ దుంప కణాల నుంచి సంపూర్ణమైన మొక్కలను సాధించింది. 1962లో మురాషిగె, స్కూగ్ కలిసి రూపొందించిన పోషకమాధ్యమం నేటికీ ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలల్లో వాడుకలో ఉన్నది.

ప్రయోగశాలలో జరిగే పని

కణజాల వర్ధనం నాలుగు దశలలో జరుగుతుంది. మొదటిది శుద్ధి. తల్లిచెట్టు నుంచి లేతరెమ్మ చివరలను సేకరిస్తారు. అక్కడ నిరంతరం విభజన చెందే విభాజ్య కణజాలం ఉంటుంది. ఈ చిన్న ముక్కను ‘ఎక్స్‌ప్లాంట్’ అంటారు. దానిని నీటిలో కడిగి, ఆల్కహాలులోను, బ్లీచింగు ద్రావణంలోను కొద్దిసేపు ఉంచి, శుద్ధజలంతో పలుమార్లు కడుగుతారు. పోషకమాధ్యమంలో చక్కెర ఉంటుంది. అది మొక్కకు ఎంత ఇష్టమో బూజుకూ, బాక్టీరియాకూ అంతకంటె ఇష్టం. ఒక్క సూక్ష్మజీవి లోపలికి పోయినా కొద్దిరోజులలో సీసానంతటినీ ఆక్రమిస్తుంది. అందుచేత మాధ్యమాన్ని ఆటోక్లేవ్ అనే పాత్రలో 121 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతవద్ద ఆవిరిపీడనంతో శుద్ధిచేస్తారు. వడగట్టిన గాలి వీచే పెట్టెముందు కూర్చుని, మంటలో కాల్చిన పట్టకారుతో ముక్కను సీసాలో నిలుపుతారు.

రెండవది వృద్ధి. లవణాలు, చక్కెర, విటమినులు, హార్మోనులు కలిపి, అగార్‌తో జున్నులా గడ్డకట్టించిన మాధ్యమం మీద రెమ్మముక్క చిగుళ్ళు వేస్తుంది. గదిలో ఉష్ణోగ్రత 25 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. దీపాల వెలుగును గంటల లెక్కన అందిస్తారు. కొన్ని వారాలకు చిగుళ్ళ గుంపును విడదీసి, ఒక్కొక్కదానిని కొత్త సీసాలోకి మారుస్తారు. ఒక చిగురు ఆరువారాలకు నాలుగుగా విడిపోతుందని అనుకొందాము. అయిదుసార్లు మార్చేసరికి, అనగా ముప్ఫైవారాలకు, ఒకటి 1,024 అవుతుంది. ఈ గుణకారమే ఈ విద్యకు బలం.

మూడవది వేళ్ళు పుట్టించడం. ఇందుకు ఆక్సిన్ ఉన్న మాధ్యమాన్ని వాడతారు. నాలుగవది అలవాటు చేయటం. సీసాలోని మొక్క పుట్టింట గారాబంగా పెరిగిన పిల్ల వంటిది. నిండుతేమ తప్ప ఎండ ఎరుగదు. ఆకులమీద మైనపు పొర పల్చగా ఉంటుంది. ఒక్కసారిగా బయటపెడితే వాడిపోతుంది. కనుక మంచువంటి తుంపర చల్లుతూ, నీడతెరలకింద కొన్నివారాలపాటు ఉంచి, క్రమంగా ఎండకూ గాలికీ అలవాటుచేసి నేలలో నాటుతారు.

సైప్రస్ విధించే పరీక్ష

ఈ నాలుగు దశలూ అరటికి నడిచినంత సాఫీగా సైప్రస్‌కు నడవవు. శంకువృక్షాలు సాధారణంగా కణజాల వర్ధనానికి సులభంగా లొంగవు. కోసిన చోట కొన్ని రసాయనాలు ఊరి మాధ్యమాన్ని నల్లబరుస్తాయి. బయట ఎంత శుద్ధిచేసినా, ఏళ్ళ తరబడి బయలులో నిలిచిన చెట్టు కణజాలం లోపల సూక్ష్మజీవులు దాగి ఉండవచ్చును. చిగుళ్ళు వచ్చినా వేళ్ళు రావడం కష్టం.

వీటన్నింటికంటె పెద్ద ఆటంకం వయస్సు. లేతమొక్కనుంచి తీసిన కణజాలం హుషారుగా స్పందిస్తుంది. ముదురుచెట్టునుంచి తీసినది స్పందించదు. చెట్టు తెగులును తట్టుకొంటుందో లేదో, నిటారుగా పెరుగుతుందో లేదో తెలియాలంటే అది పెరిగి పెద్దది కావాలి. అది పెద్దదయ్యేసరికి కణజాలంలోని చురుకుదనం తగ్గిపోతుంది. గుణం తెలిసిన నాటికి చేవ ఉడుగుతుంది. చేవ ఉన్ననాడు గుణం తెలియదు. ఈ చిక్కును విడదీయటానికి శాస్త్రజ్ఞులు ముదురురెమ్మను లేతమొక్కమీద అంటుకట్టి, దానినుంచి వచ్చిన కొత్తచిగురును ఉపయోగించడం వంటి ఉపాయాలు పన్నుతారు.

మరొక ఉపాయం శాఖీయ పిండోత్పత్తి. సహజంగా పిండం పరాగసంయోగం తరువాత విత్తనంలో ఏర్పడుతుంది. ఈ పద్ధతిలో విత్తనంలోని పిండం నుంచి కణజాలాన్ని తీసి, మాధ్యమంలో పెంచి, దానినుంచి అసంఖ్యాకమైన పిండాలను పుట్టిస్తారు. 1985లో స్ప్రూస్ అనే శంకువృక్షంలో ఇది మొదట సాధ్యమయింది. 1995లో మధ్యధరా సైప్రస్‌లో చిగుళ్ళను, శాఖీయ పిండాలను కూడా పొందగలిగినట్లు ఇటలీ, కెనడా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఇటువంటి పిండకణాలను ద్రవనైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల చలిలో భద్రపరిచే అవకాశం కూడా ఉంది. మొక్కలు పెరిగి వాటి గుణం తెలిసేదాకా, లేతకణాలు ఆ చలిలో వయస్సు పెరగకుండా నిద్రపోతాయి. గుణం తేలిన పిదప మంచివాటిని మేల్కొల్పవచ్చును. సైప్రస్ కుటుంబానికే చెందిన కాలిఫోర్నియా రెడ్‌వుడ్ వృక్షాలను ఇప్పటికే కణజాల వర్ధనం ద్వారా పెంచుతున్నారు.

పరాగం కన్న బిడ్డ

తస్సిలి సైప్రస్ విషయంలో ప్రకృతి స్వయంగా ఒక వింతప్రయోగం చేసింది. సైప్రస్‌లలో దేహకణానికి 22 క్రోమోసోములు ఉంటాయి. పరాగరేణువులో అందులో సగం, అనగా 11 ఉండటం సామాన్యధర్మం. తస్సిలి సైప్రస్ పరాగంలో మాత్రం సగం కాక పూర్తి సంఖ్య ఉంటుంది. ఆ పరాగరేణువు అండంతో కలవకుండానే తానొక్కటే పిండంగా ఎదుగుతుంది. బిడ్డకు తండ్రి వారసత్వమే తప్ప తల్లి వారసత్వం అందదు. తల్లి శంకువు కేవలం ఆశ్రయమిచ్చి పోషిస్తుంది.

2001లో ఫ్రాన్స్, ఇటలీ శాస్త్రజ్ఞులు దీనిని నిరూపించారు. తస్సిలి సైప్రస్ పరాగాన్ని మధ్యధరా సైప్రస్ శంకువులమీద చల్లారు. మధ్యధరా సైప్రస్ గర్భంలో పండిన విత్తనాలనుంచి అచ్చమైన తస్సిలి సైప్రస్‌లు మొలిచాయి. దేవకి గర్భంలోని శిశువు రోహిణి గర్భానికి చేరి బలరాముడై పుట్టాడని భాగవతకథ. ఇక్కడ ఒక వృక్షజాతి బిడ్డను మరొక వృక్షజాతి మోసి కన్నది. తన శంకువులలో తాలు విత్తనాలే పండే ఒక జాతికి, బంధుజాతి చెట్లు పెంపుడుతల్లులు కాగలవని ఈ ప్రయోగం ఆశ కల్పించింది.

ఈ సందర్భంలో భారతీయుల కృషిని ఒకదానిని స్మరించుకోవాలి. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శిప్రా గుహ, సతీశ్‌చంద్ర మహేశ్వరి ఉమ్మెత్త పువ్వులోని పరాగకోశాలను మాధ్యమంలో పెంచి, వాటి నుంచి పిండాలను పొందారు. పరాగంనుంచి మొక్కను పుట్టించవచ్చునని ప్రపంచానికి చూపినది ఆ ప్రయోగమే. ఉమ్మెత్త మొక్కలకు సగం క్రోమోసోములే ఉండగా, తస్సిలి సైప్రస్‌కు పూర్తిసంఖ్య ఉంటుంది. మానవుడు ప్రయోగశాలలో చేసిన పనికి దగ్గరి పనిని ఆ ఎడారివృక్షం ఎవరూ చూడని చోట ఏనాటినుంచో చేస్తూనే ఉన్నది.

వేలమందిలో ఒక్కరే

ఇంతవరకు కణజాల వర్ధనం శక్తిని చూచాము. దాని పరిమితిని కూడా చూడాలి. ఒక రెమ్మ నుంచి వచ్చిన వేయి మొక్కలు లెక్కకు వేయి; వారసత్వానికి ఒక్కటే. తల్లికి ఉన్న బలం అన్నింటికీ ఉంటుంది. తల్లికి ఉన్న బలహీనతా అన్నింటికీ ఉంటుంది.

రక్తబీజుని కథ మనం ఎరిగినదే. వాని రక్తపుబొట్టు నేలపడిన ప్రతిచోటా వానివంటివాడే మరొక రాక్షసుడు లేచేవాడు. లోకమంతా రక్తబీజులతో నిండిపోయింది. కాని వారందరి బలమూ ఒక్కటే అయినట్లు, వారందరి కీలకమూ ఒక్కటే. రక్తం నేలపడకుండా చేయగానే అంతమందీ అంతరించారు. ఒకే మూలం నుంచి వచ్చిన తోపు కూడా అట్టిదే. దాని కీలకం కనిపెట్టిన తెగులు ఒక్క చెట్టుతో ఆగదు.

ఇది కేవలం పురాణోపమానం కాదు. ఒకప్పుడు మధ్య అమెరికా నుంచి ప్రపంచ విపణికి ఎగుమతి అయిన అరటి అంతా ‘గ్రో మిషెల్’ అనే ఒకేరకం. పిలకలద్వారా వ్యాపించినందున ఆ తోటలన్నీ వారసత్వానికి ఒకే మొక్క. పనామా తెగులు వాటిని ఒకదాని తరువాత ఒకటి కబళించింది. 1960ల నాటికి ఎగుమతి వ్యాపారం ఆ రకాన్ని విడిచి, కావెండిష్ రకానికి మారవలసి వచ్చింది. మన తోటలలోని టిష్యూకల్చర్ అరటిలో ప్రసిద్ధమైన ‘గ్రాండ్ నైన్’ ఆ కావెండిష్ వర్గానిదే. అది కూడా ఒకే రూపం, ఒకే వారసత్వం కలది. కనుక పాత పాఠాన్ని మరవకూడదు.

అరటి ఏడాదిలో గెల వేస్తుంది. పొరపాటు జరిగితే రకాన్ని మార్చుకోవచ్చును. సైప్రస్ నాటినవాడు దాని నిండు ఎదుగుదలను చూడకపోవచ్చును. ఒక వృక్షాన్ని నాటడమంటే ఇంకా పుట్టని తరాల తరఫున నిర్ణయం తీసుకోవటమే. ఈ నూరేళ్ళలో ఏ కొత్త తెగులు వస్తుందో, వాన ఎంత తగ్గుతుందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. అప్పుడు అక్కరకు వచ్చే గుణం నేడు మనం ఎన్నిక చేయని ఏ చెట్టులో దాగి ఉందో తెలియదు. కాబట్టి తెగులును తట్టుకొనే సైప్రస్‌లను నాటేటప్పుడు ఒక్క రకాన్ని కాక, వేరువేరు తల్లుల నుంచి వచ్చిన అనేక రకాలను కలిపి నాటడం వివేకం.

తస్సిలి సైప్రస్‌కు ఈ నియమం మరింతగా వర్తిస్తుంది. అక్కడ బిడ్డకు ఒక్క చెట్టు వారసత్వమే అందుతుంది కనుక, ఒక చెట్టు సంతానం లేక ఎండిపోతే దాని గుణసంపద ఇతర వృక్షాలలో కలిసి మిగిలే అవకాశం బహుస్వల్పం. ఆ 233 వృక్షాలలో అందంగా ఉన్న ఒకదానిని ఎంచి లక్ష ప్రతులు తీస్తే చెట్లు మిగులుతాయి కాని జాతి మిగలదు. సాధ్యమైనన్ని వృక్షాలనుంచి కొద్దికొద్దిగానైనా మొక్కలను పెంచితే, సంఖ్య తక్కువైనప్పటికీ జాతి నిలుస్తుంది. తాళపత్రగ్రంథాలను పరిష్కరించే పండితుడు ఒకే ప్రతిని నూరుసార్లు అచ్చువేసి తృప్తిపడడు. ఊరూరా తిరిగి భిన్నప్రతులను సేకరిస్తాడు. ఒకదానిలో చెదలు తిన్న పాఠం మరొకదానిలో చెక్కుచెదరక ఉండవచ్చునని అతనికి తెలుసు. వృక్షసంరక్షకుని పని కూడా అటువంటిదే.

ప్రయోగశాలలో మొక్కను పుట్టించడంతో ఈ పని పూర్తికాదు. నాటిన మొక్కకు వేరు నిలదొక్కుకొనేదాకా నీరు పోయాలి. మేకలనుంచి కాపాడాలి. మిగిలిన వృద్ధవృక్షాలను వాటి చోటనే రక్షించాలి. సీసాలోని చిగురు ఆ కొండలకూ, ఆ తువారెగ్ ప్రజల జీవితానికీ ప్రత్యామ్నాయం కాదు. వాటిని నిలుపుకోవటానికి దొరికిన గడువు మాత్రమే. విద్య మనకు వేగాన్ని ఇచ్చింది. ఆ వేగంతో ఒకే చెట్టును వేయిసార్లు రాసుకొంటామా, వేయి చెట్లను ఒక్కొక్కసారైనా రాసి ఉంచుతామా అన్నదానిమీదనే రేపటి వనం ఆధారపడి ఉంది.